కొండ దిగకుండా చదువు: కెంటకీ బొగ్గు కౌంటీల్లో ఒక ప్రభుత్వ కళాశాల

అమెరికా చదువు అనగానే మన ఇళ్లలో ఎం.ఎస్., వీసా, యూనివర్సిటీ ర్యాంకుల మాటలే వినిపిస్తాయి. అక్కడ స్థిరపడిన తెలుగు కుటుంబాలకు కమ్యూనిటీ కాలేజీ అంటే పిల్లల డిగ్రీలో మొదటి రెండేళ్ల ఫీజు కలిసొచ్చే దారి. కెంటకీ రాష్ట్రం ఆగ్నేయ మూలన, అపలాచియన్ కొండల మధ్య ఉన్న హార్లన్, బెల్, లెచర్ కౌంటీల (మన జిల్లాల్లాంటివి) వారికి మాత్రం అందుబాటులో ఉన్న ప్రభుత్వ కాలేజీ అదొక్కటే. హార్లన్ కౌంటీలోని కంబర్లండ్‌లో 1960లో యూనివర్సిటీ ఆఫ్ కెంటకీ శాఖగా మొదలైన ఆ సంస్థ నేడు సౌత్‌ఈస్ట్ కెంటకీ కమ్యూనిటీ అండ్ టెక్నికల్ కాలేజీ పేరుతో కంబర్లండ్, హార్లన్, మిడిల్స్‌బరో, పైన్‌విల్, వైట్స్‌బర్గ్ ఊళ్లలో నడుస్తోంది. 1997లో రాష్ట్ర శాసనసభ చట్టం చేసి కమ్యూనిటీ కాలేజీలను యూనివర్సిటీ నుంచి వేరుచేసి, వృత్తి విద్యా సంస్థలతో కలిపి ఒకే వ్యవస్థ కిందికి తెచ్చింది.

ఈ కాలేజీ విలువను విద్యార్థులకిచ్చిన పట్టాల లెక్కతో కొలవడం అన్యాయమని నా అభిప్రాయం. ఎందుకో తెలియాలంటే ముందు ఆ నేల కథ తెలియాలి.

కంబర్లండ్ పక్కనే ఉన్న లించ్ ఊరిని 1917లో యూఎస్ స్టీల్ అనుబంధ సంస్థ కట్టింది. దాని పొరుగున ఉన్న బెన్‌హమ్ ఇంటర్నేషనల్ హార్వెస్టర్ వాళ్లది. ఇల్లు, దుకాణం, ఆసుపత్రి అన్నీ కంపెనీవే. మన కొత్తగూడెం, ఇల్లెందు ప్రాంతాల్లో క్వార్టర్ల మధ్య పెరిగినవారికి ఆ బతుకు ఎలాంటిదో విడమరచి చెప్పనక్కర్లేదు. గనుల్లోకి యంత్రాలు దిగాక పనులు పోయాయి, జనం పొట్ట చేతపట్టుకుని డెట్రాయిట్, సిన్సినాటి వైపు సాగిపోయారు. హార్లన్ కౌంటీ జనాభా 1940లో 75,275. 2020 నాటికి అది 26,831. అంటే ఊళ్లు ఖాళీ అవుతున్న రోజుల్లోనే ఈ కాలేజీ పుట్టింది. పుట్టిన నాటి నుంచీ తగ్గిపోతున్న జనానికే చదువు చెబుతూ వచ్చింది.

2017లో కెంటకీ ప్రభుత్వ కళాశాలలకు నిధులు పంచే పద్ధతి మార్చింది. విద్యార్థులు పూర్తిచేసిన క్రెడిట్లు (కోర్సుల పరిమాణాన్ని కొలిచే యూనిట్లు), పొందిన పట్టాల సంఖ్యలో ఏ కాలేజీ వాటా ఎంతో చూసి ఇచ్చే విధానం వచ్చింది. చిన్న కాలేజీలకు కొంత సర్దుబాటు ఉన్న మాట నిజమే. అయినా పోటీ లూయివిల్ వంటి నగరపు కాలేజీతో. జనాభాలో మూడింట రెండు వంతులు పోగొట్టుకున్న కౌంటీలో విద్యార్థులు తగ్గితే అది అధ్యాపకుల తప్పెలా అవుతుంది? గని మూతపడిన ఏడాదే అక్కడి మనుషులకు కాలేజీ అవసరం ఎక్కువ. సరిగ్గా అప్పుడే కౌంటీ పన్నులు పడిపోతాయి, కుటుంబాలు కదిలిపోతాయి, లెక్కల్లో కాలేజీ వెనకబడినట్టు కనిపిస్తుంది.

ఫీజు సంగతి చూద్దాం. 2024-25లో పేద విద్యార్థికి ఫెడరల్ ప్రభుత్వం ఇచ్చిన పెల్ గ్రాంటు గరిష్ఠంగా 7,395 డాలర్లు. కెంటకీ కమ్యూనిటీ కాలేజీ ఏడాది ఫీజుకు అది చాలు. కాబట్టి ఆటంకం ఫీజు దగ్గర లేదు. కంబర్లండ్ నుంచి వైట్స్‌బర్గ్ వెళ్లాలంటే 119వ నంబరు రహదారి మీద పైన్ మౌంటెన్ ఎక్కి దిగాలి. మంచు కురిసిన ఉదయాన, పాత కారులో, బిడ్డను అమ్మమ్మ ఇంట్లో వదిలి, రాత్రి షిఫ్టు ముగించుకుని క్లాసుకు వచ్చే తల్లికి ఒక సెమిస్టరు తప్పిపోవడం ఎంత తేలికో ఊహించవచ్చు. ఐదు ఊళ్లలో ఐదు క్యాంపస్‌లు నడపడం ఖర్చుతో కూడిన పనే. కానీ వాటిలో ఒకటి మూసేస్తే మూతపడేది ఒక భవనం మాత్రమే కాదు, ఆ తల్లి చదువు కూడా.

తరగతి గదికి బయట ఈ కాలేజీ చేసిన పని నన్ను ఇంకా ఎక్కువగా కదిలిస్తుంది. బెన్‌హమ్‌లో 1923లో కట్టిన కంపెనీ దుకాణం ఇప్పుడు బొగ్గు గనుల మ్యూజియం, కాలేజీ ఆస్తి. 2017లో దాని కప్పు మీద 80 సౌర ఫలకాలు బిగించారు. ఏటా 8 నుంచి 10 వేల డాలర్ల కరెంటు ఖర్చు మిగులుతుందని అంచనా వేశారు. బొగ్గు మ్యూజియానికి ఎండ కరెంటేమిటని దేశమంతా వింతగా చెప్పుకుంది. నాకందులో కనిపించింది ఇంటి ఖర్చు చూసుకునే మనుషుల ఇంగితం. లించ్, బెన్‌హమ్ కట్టిన నాటి కంపెనీ ఫొటోలను కాలేజీ తన అపలాచియన్ ఆర్కైవ్‌లో పదిలపరిచింది. నొప్పి మాత్రల వ్యసనం ఇళ్లను కూల్చుతున్న కాలంలో, ఊరివాళ్ల నోటి మాటలను సేకరించి, వాటినే నాటకంగా అల్లి, 2005లో ఊరివాళ్లతోనే ఆడించింది. ‘హయ్యర్ గ్రౌండ్’ పేరిట ఆ నాటకాల పరంపర తర్వాత కూడా సాగింది. పరువు పోతుందని నాలుగు గోడల మధ్య దాచుకున్న బాధను పక్కింటివాడి ముందు చెప్పుకునే చోటు దొరకడం చిన్న విషయమేమీ కాదు. ఇదేదీ పట్టాల లెక్కలోకి రాదు.

2019 జులైలో బ్లాక్‌జువెల్ కంపెనీ దివాలా తీసింది. గని కార్మికుల జీతం చెక్కులు చెల్లలేదు. కడుపు మండిన కార్మికులు ఆ నెలాఖరున కంబర్లండ్ దగ్గర రైలు పట్టాల మీద బైఠాయించారు. తాము తవ్విన బొగ్గును, తమ జీతం ఇవ్వకుండా కదలనివ్వబోమని కుటుంబాలతో సహా వారాల తరబడి అక్కడే ఉన్నారు. కాలేజీ పుట్టిన ఊరు అదే. అలా రోడ్డున పడ్డ నలభై ఏళ్ల మనిషి ఊరు విడవకుండా మరో పని నేర్చుకోవాలంటే వెళ్లగలిగే చోటూ అదే.

ఊపిరితిత్తుల మాట కూడా చెప్పాలి. కొండ అవతల నైరుతి వర్జీనియాలోని మూడు క్లినిక్‌లలో 2013 నుంచి 2017 వరకు 416 మంది గని కార్మికులకు బొగ్గు ధూళి పీల్చడం వల్ల వచ్చే ఊపిరితిత్తుల జబ్బు ‘బ్లాక్ లంగ్’ తీవ్రంగా ఉన్నట్టు ప్రభుత్వ పరిశోధకులు 2018లో ప్రకటించారు. ఈ కాలేజీ పైన్‌విల్‌లో శ్వాస చికిత్స కోర్సు నడుపుతోంది. తాత పీల్చిన బొగ్గు ధూళి ఎక్కడ పేరుకుందో, ఆయనకు ఆక్సిజన్ గొట్టం ఎలా అమర్చాలో మనవరాలు అక్కడ నేర్చుకుంటుంది. ఆమె పట్టా నిధుల లెక్కలో ఒకటిగానే నమోదవుతుంది. ఆమె కొండ దిగి వెళ్లిపోకుండా దగ్గరి ఆసుపత్రిలోనే ఉండిపోయిందా లేదా అన్నది రాసుకోవడానికి కూడా ఆ లెక్కలో ఒక గడి ఉండాలి.