ఖాళీ డబ్బా తరఫున నా వాదన

ఇంట్లో పనికిరాని సామానంతా తీసేస్తే మనసు తేలికపడుతుందని చెప్పేవాళ్ళని ఒక్కటే అడుగుతాను. మీరెప్పుడైనా అటక మీది అట్టపెట్టె దించారా? దించి, దుమ్ముకి నాలుగు తుమ్ములు తుమ్మి, అందులో దొరికిన తాళంచెవిని పట్టుకుని ఇది దేనిదబ్బా అని అరగంట నేల మీద కూర్చున్నారా? కూర్చోకపోతే ఈ విషయం మీద మాట్లాడే అర్హత మీకు లేదు.

మొన్న ఆదివారం మా ఇంట్లో ఈ దారుణం మొదలైంది. మూడు కుప్పలు పెట్టమంది మా ఆవిడ: ఉంచేవి, ఎవరికైనా ఇచ్చేవి, పారేసేవి. ఇంత కఠినమైన చట్టంలో నిర్దోషులు నలిగిపోతారని నేను నాలుగో కుప్ప ప్రవేశపెట్టాను, దాని పేరు 'తర్వాత చూద్దాం'. సాయంత్రానికి మొదటి మూడు కుప్పలూ కలిపి ఒక చాప మీద సరిపోయాయి. నాలుగోది సోఫా దాకా వచ్చింది.

ఎలా రాదు చెప్పండి. ఒక వైరుంది. దాని ఒక కొస ఏ ఫోన్లోకీ దూరదు, రెండో కొస ఏ ప్లగ్గులోకీ దూరదు. పారేద్దామనే అనుకున్నాను, నిజంగా. కానీ దాన్నెవరో ఎంతో శ్రద్ధగా చుట్టి, రబ్బరుబ్యాండు వేసి దాచారు. అంత శ్రద్ధగా దాచారంటే కారణం ఉండే ఉంటుంది కదా? ఆ దాచినవాడు నేనే అయినా సరే, అతని తీర్పుని గౌరవించడం నా ధర్మం.

తర్వాత జపనీస్ నేర్చుకుందామని కొన్న పుస్తకం బయటపడింది. మొదటి పాఠంలో గీతలు గీయని లైను లేదు, మార్జిన్లో నక్షత్రాలు, రెండు చోట్ల ఆశ్చర్యార్థకాలు కూడా. రెండో పాఠం నుంచి చివరిదాకా ఇంకా ప్రెస్సు వాసనే వస్తోంది. దీన్ని పారేస్తే పోయేది పుస్తకమా? పోయేది టోక్యో వీధుల్లో గడగడా జపనీస్ మాట్లాడే నేను. 30 అంగుళాల నడుము ప్యాంటు తొడుక్కునే నేను, వాటర్ కలర్స్ వేసే నేను, ఇలా చాలామందిమి ఆ అటక మీద సర్దుకుని బతుకుతున్నాం. కింద ఉన్నది ఒక్కడే, వాడేమో ఏమీ చెయ్యడు.

పోనీ ఇది నా ఒక్కడి పిచ్చా అంటే కాదు, సైన్సు నా పక్షాన ఉంది. 1990లో డేనియల్ కానమన్, జాక్ నెచ్, రిచర్డ్ థేలర్ అనే ముగ్గురు పరిశోధకులు ఒక ప్రయోగ ఫలితాలు ప్రచురించారు. విద్యార్థుల్లో సగం మందికి కాఫీ మగ్గులిచ్చి, ఎంతకి అమ్ముతారని అడిగారు. మిగతా సగాన్ని ఎంతకి కొంటారని అడిగారు. మగ్గు చేతికొచ్చి ఎంతోసేపు కాలేదు, అయినా అమ్మేవాళ్ళు చెప్పిన ధర కొనేవాళ్ళు చెప్పినదానికి దాదాపు రెట్టింపు! కొద్దిసేపు పట్టుకున్న మగ్గుకే అంత మమకారం ఉంటే, పదేళ్ళుగా నాతో మూడు ఇళ్ళు మారిన ఈ వైరు సంగతేమిటి? థేలర్‌కి 2017లో ఆర్థికశాస్త్రంలో నోబెల్ కూడా ఇచ్చారు. మా ఆవిడ దగ్గర నోబెల్ లేదు.

వస్తువుని చేత్తో పట్టుకుని ఆనందం కలిగితేనే ఉంచమని ప్రపంచానికి నేర్పిన మేరీ కోండో కూడా, మూడో బిడ్డ పుట్టాక ఇల్లు సర్దడం కొంతవరకు వదిలేశానని 2023లో ఒప్పుకున్నారు. నేను ఆవిడకంటే ముందే వదిలేశాను, పేపర్లో వెయ్యలేదు, అంతే. పేరుమోసిన అమెరికా చిత్రకారుడు ఆండీ వార్హోల్ అయితే 1970లలో మొదలుపెట్టి ఉత్తరాలు, బిల్లులు, పాత పత్రికలు, ఏది దొరికితే అది పెట్టెల్లో వేసి మూతపెట్టాడు, మొత్తం 610. ఇప్పుడవి అమెరికాలోని పిట్స్‌బర్గ్‌లో ఆయన పేరిట ఉన్న మ్యూజియంలో భద్రంగా ఉన్నాయి. నావి పదకొండే, వాటికే ఇంత గొడవ.

(ఏదీ వదల్లేక నిజంగా నలిగిపోయేవాళ్ళున్నారు, 2013 నుంచి అమెరికా సైకియాట్రిస్టుల జాబితాలో దానికి విడిగా ఒక రుగ్మతగా చోటుంది. దాని మీద జోకులు నాకిష్టం లేదు. నాది బద్ధకం, దానికి అందమైన పేరు వెతుక్కుంటున్నానంతే.)

చివరికి కేసు ఖాళీ ఫోన్ డబ్బా దగ్గరికొచ్చింది. ఫోను పోయి ఏళ్ళయింది. డబ్బా మాత్రం చెక్కుచెదరలేదు, మూత ఎత్తితే ఇప్పటికీ మెల్లగా గాలి పీల్చుకుంటూ పైకొస్తుంది. పారేసే కుప్పలోకి విసరబోతూ అలవాటుగా తెరిచాను. లోపలి అట్ట కింద మడతపెట్టిన చీటీ. అమ్మ చేతిరాత, పెన్సిల్‌తో. 'గ్యాసు కట్టేశావా? తాళం లాగి చూడు.' ఎప్పుడో ఊరెళ్తూ తలుపు మీద అంటించిపోయింది, చీటీ వెనక ఎండిపోయిన టేపు ఇంకా ఉంది. ఇప్పుడు అడిగేవాళ్ళు లేరు కాబట్టి నేనే రెండుసార్లు లాగి చూస్తున్నాను.

చీటీ పట్టుకుని హాల్లోకి వెళ్ళి, చూశావా, ఖాళీ డబ్బా అన్నావే, అన్నాను. మా ఆవిడ చదివింది. కాసేపు ఏం మాట్లాడలేదు. తర్వాత మెల్లగా, "సరే, చీటీ దాచుకోండి. డబ్బా పారేయండి" అంది.

మరి చీటీ ఎందులో పెట్టాలి?