కొబ్బరిచెట్టు కింద ఆగిన తెల్ల కారుగారికి

కారుగారికి,

నమస్కారమండి. మా కోనసీమలో తిట్టాలన్నా చివర 'అండి' పెట్టే తిడతాం కాబట్టి ఈ ఉత్తరంలో మర్యాద ఎక్కువైందనిపిస్తే దాన్ని ప్రేమ అనుకోకండి. మిమ్మల్ని ఉంచుకోవాలా, అమ్మినాయన ముఖానే వదిలిపెట్టాలా అన్నది మా ఇంట్లో ఎంతకీ తేలడం లేదు. అరుగు మీద కూర్చున్న ప్రతి మనిషికీ ఒక అభిప్రాయం ఉంది, మిమ్మల్ని మాత్రం ఎవరూ అడగలేదు. అందుకని నేరుగా మీకే రాస్తున్నాను.

ముందు మీ జాతకం చూద్దాం. తెల్ల రంగు, డీజిలు, 2017 మోడలు, ఏపీ 16 నంబరు. 2019లో రాష్ట్రమంతటికీ ఏపీ 39 అని ఒకే కోడ్ తెచ్చేదాకా నంబరు చూస్తే బండి ఏ జిల్లాదో తెలిసిపోయేది కదండి, తూర్పు గోదావరికి 05, పశ్చిమకి 37, కృష్ణాకి 16. అంటే మీ పుట్టిల్లు బెజవాడ వైపు. దాంట్లో తప్పేం లేదు, మా మేనత్తగారి కోడలిదీ ఆ ఊరే, బంగారంలాంటి పిల్ల. కానీ 2024 సెప్టెంబరు మొదట్లో బుడమేరు పొంగి సింగ్‌నగర్ వైపంతా మునిగిపోయింది చూశారా, అక్కడ రోజుల తరబడి నీళ్ళలో నిలబడ్డ కార్లన్నీ తర్వాత ఎక్కడికి పోయాయో టీవీలో ఎవరూ చెప్పలేదు. ఒకటి మాత్రం మా ఇంటికొచ్చిందని నా అనుమానం.

యార్డులో మీ గురించి చెప్పింది వేరు లెండి. "డాక్టరుగారి బండండి, ఇంటికీ ఆసుపత్రికీ తప్ప తిరగలేదు" అన్నారు. రావులపాలెం దగ్గర్నుంచి తాడేపల్లిగూడెం దాకా హైవే పక్కన ఏ పాత కార్ల యార్డులో ఆగి అడిగినా ప్రతి కారూ డాక్టరుగారిదే. ఇంతమంది డాక్టర్లు ఇంటికీ ఆసుపత్రికీ తిరుగుతూనే ఉంటే మా ఊరి ఆసుపత్రిలో మధ్యాహ్నం దాటాక ఒక్కరైనా కనబడాలి కదండి.

మీ గుట్టు బయటపెట్టింది మా ఆవిడ. పిల్లాడికి వెనక సీటులో బెల్టు పెట్టబోయి, అది ఎంతకీ సరిపోక చివరిదాకా లాగింది. మామూలుగా ఎవరూ అంత లాగరు, మిమ్మల్ని కడిగినవాళ్ళూ లాగలేదు. ఆ చివర అడ్డంగా ఎండిపోయిన బురద గీత. ఇక ఇంటిల్లిపాదీ మీ మీద పడ్డాం. సీట్లు ముందుకీ వెనక్కీ జరిగే పట్టాల బోల్టులు తుప్పు. ఒక హెడ్‌లైటు లోపల తడి. కార్పెట్ ఎత్తితే కింద స్పాంజి ఇంకా చెమ్మగానే ఉంది. స్టెప్నీ తీస్తే ఆ గుంటలో, అంచులకంటుకుని, మెత్తటి ఒండ్రు.

ఒండ్రు సంగతి మాకు ఇంకొకరు చెప్పక్కర్లేదు. ధవళేశ్వరం దగ్గర 11.75 అడుగులొస్తే మొదటి హెచ్చరిక, 13.75కి రెండోది, 17.75కి మూడోది అని మా వీధిలో బడికెళ్ళే పిల్లలకి కూడా తెలుసు. 1986 వరద చూసినవాళ్ళు మా ఇంట్లో ఉన్నారు. 2022 జులైలో లంకల్లోంచి పడవెక్కి వచ్చిన చుట్టాలకి మా వసారాలోనే వండిపెట్టాం. గోదావరి వరద పైసా తీసుకోకుండా గుమ్మం దాకా వచ్చి చూసిపోతుంటే, నాలుగు లక్షల ముప్పై అయిదు వేలిచ్చి, అదీ కొబ్బరి దింపు డబ్బుతో, బెజవాడ వరదని ఇంటికి తెచ్చుకున్న కుటుంబం మాది. ఇప్పుడు మా వీధిలో మా పరపతి ఏ స్థాయిలో ఉందో మీరే ఊహించుకోండి.

మీ అలవాట్ల గురించి కూడా రెండు మాటలు. చినుకు పడితే మీరు మీ అంతట మీరే హారన్ కొడతారు. అర్ధరాత్రి డోర్లు వాటంతటవే లాక్ అయి, మళ్ళీ తెరుచుకుని, మళ్ళీ లాక్ అవుతాయి. చించినాడ వంతెన మధ్యకొచ్చాక ఎడమవైపు అద్దం మెల్లగా కిందికి దిగిపోతుంది, ఎందుకో వంతెన మీదే, మీకు నది చూడాలనిపిస్తుందేమో. అన్నిటికన్నా పెద్ద ఘనకార్యం నరసాపురం రేవులో చేశారు. సఖినేటిపల్లిలో పంటు, అదే బండ్లని గోదావరి దాటించే పడవ, ఎక్కేటప్పుడు బుద్ధిగానే ఎక్కారు, అవతల దిగాల్సిన చోట, వెనక మోటారు సైకిళ్ళన్నీ స్టార్టు చేసి ఉండగా, సరిగ్గా పలక మీద ఆగిపోయారు. తోసినవాళ్ళలో ఒకాయన నన్ను "ఎంతకి తీసుకున్నారండి?" అని అడిగాడు. నేను మూడున్నర అని చెప్పాను. ఆయన తోస్తూనే "ఎక్కువే పెట్టారండి" అన్నాడు.

అమలాపురంలో మెకానిక్ మిమ్మల్ని లిఫ్టు మీదికెక్కించి చాలాసేపు మాట్లాడలేదు. తర్వాత చెప్పిందేంటంటే, మునిగిన బండి మునిగిన రోజు చావదట. ఎండబెట్టి స్టార్టు చేస్తే నడుస్తుంది కూడా. వైరింగ్ కనెక్టర్ల లోపల దాక్కున్న తడి మాత్రం ఊరుకోదు, పచ్చటి చిలుము పట్టిస్తూ ఈ వారం హారన్, వచ్చే వారం అద్దం, ఆ పైన ఒకరోజు ఇంజనుకి మెదడులాంటి ఈసీయూ. వంతులవారీగా పోతాయి. ఏది ఎప్పుడు పోతుందో ఆయన కాదు కదా, మిమ్మల్ని చేసినవాళ్ళూ చెప్పలేరు. ఇంకో మాట కూడా చెప్పాడు, నాకు నిద్ర పట్టకుండా చేసింది అదే. తాళం తిప్పగానే డాష్‌బోర్డులో ఎయిర్‌బ్యాగ్ దీపం ఒకసారి వెలిగి ఆరిపోవాలి. మీకు అది వెలగనే వెలగదు. అసలు దీపమే పీకేశారు, తప్పు చూపిస్తుందని. హారన్ దానంతటది మోగితే నవ్వుకుంటాం, వీధిలో వాళ్ళూ నవ్వుకుంటారు, కానీ రేపు సిద్ధాంతం వంతెన మీద ఏదైనా జరిగితే ఆ సంచీ తెరుచుకుంటుందో లేదో మీరు హామీ ఇవ్వగలరా?

మీటరు సంగతి మర్చిపోయాను. 46 వేల కిలోమీటర్లు చూపిస్తున్నారు. బ్రేకు పెడలు రబ్బరు మాత్రం గీతలన్నీ అరిగిపోయి నున్నగా ఉంది. ఛాసిస్ నంబరు ఇచ్చి కంపెనీ సర్వీసు సెంటర్లో అడిగితే, 2021లోనే మీరు లక్షా పన్నెండు వేలు దాటారని రికార్డు తీసి చూపించారు. వయసు తగ్గించి చెప్పుకోవడం మనుషులూ చేస్తారు లెండి, కానీ దానికి డబ్బు తీసుకోరు.

బీమా లెక్కల్లో ఒక పద్ధతుంది. మరమ్మతు ఖర్చు బండి ఐడీవీలో, అంటే బీమా కాయితంలో బండికి కట్టిన విలువలో, 75 శాతం దాటితే దాన్ని టోటల్ లాస్ కింద కట్టి, యజమానికి పరిహారమిచ్చేసి, మిగిలిన బండిని స్క్రాప్ లెక్కన అమ్మేస్తారు. అలా అమ్మినవన్నీ ముక్కలైపోవు. కొన్నిటిని ఎవరో కొంటారు, కడుగుతారు, సెంటు కొడతారు, కొత్త సీటు కవర్లు వేస్తారు, ముందు ఒక చిన్న వినాయకుణ్ణి అంటిస్తారు, డాక్టరుగారి బండి తయారు. మీరూ అలా వచ్చినవారే అని నేను అనడం లేదు. మీ వినాయకుడి కింద జిగురు మాత్రం కొత్తగా ఉందండి.

ఇక మా ఇంట్లో చర్చలు. మా నాన్నగారు పాతకాలం మనిషి, ఎద్దుల జత కొనడానికి సంతకెళ్ళిన రోజుల్లోంచి ఇంకా బయటికి రాలేదు. పళ్ళు చూసేవాళ్ళం, సుడులు చూసేవాళ్ళం, కాడి కట్టి బరువు లాగించి చూసేవాళ్ళం, నువ్వేమో రంగు చూసి పాటలు పెట్టించుకుని విన్నావు, అంటారు. ఆ తర్వాత సలహా ఏమన్నా చెప్తారా అంటే చెప్పరు, పేపరు తీస్తారు. అమ్మ బాధ వేరు. అయినవిల్లి వినాయకుడి గుడికి తీసుకెళ్ళి పూజ చేయించాం, నిమ్మకాయలు తొక్కించాం, వీధంతా స్వీట్లు పంచాం, ఇప్పుడు తిరిగిచ్చేస్తే దేవుడికేం చెప్తాం అని. వినాయకుడికి నీళ్ళలో మునగడం కొత్త కాదమ్మా, ఆయన అందరికీ చెప్పి మునుగుతాడు, ఈయన చెప్పకుండా మునిగొచ్చాడు, అదే తేడా అన్నాను. మూడు రోజులు నాతో మాట్లాడలేదు.

మా బావమరిది తెలివైనవాడు. "బావా, వానలు పడకముందే ఎవరికో ఒకరికి అంటగట్టేద్దాం. ఫొటోలు నేను తీస్తాను, కొబ్బరితోట వెనకాల వచ్చేట్టు" అన్నాడు. నిజం చెప్పొద్దూ, ఒక రాత్రంతా ఆలోచించాను. తెల్లారేసరికి ఆ బేరం నాకే అసహ్యమేసింది. మీరు మా దాకా వచ్చింది కూడా ఎవరో ఒక బావమరిది ఇలాంటి సలహా ఇవ్వబట్టే కదండి. ఎయిర్‌బ్యాగ్ తెరుచుకుంటుందో లేదో తెలియని బండిలో ఇంకెవరి పిల్లాడో కూర్చుంటాడు. వద్దు.

అమ్మినాయన సంగతి మీకు తెలుసు, ఆయన దగ్గర కొన్నాళ్ళున్నారు కాబట్టి. ఫోన్ చేస్తే కోపం రాదు ఆయనకి, అదే చిక్కు. "ఆయ్, మన బండే కదండి, తెచ్చేయండి, చూసేద్దాం" అంటాడు. వెళ్తే కుర్చీ వేస్తాడు, టీ తెప్పిస్తాడు, నాన్నగారి మోకాళ్ళ నొప్పి ఎలా ఉందని అడుగుతాడు, మా చుట్టాల్లో ఎవరో ఆయనకి చుట్టమని తేలుస్తాడు. లేచేసరికి మీకు కొత్త బ్యాటరీ పడుతుంది, దాని డబ్బు నేనిచ్చి వస్తాను. ఇంకోసారి వెళ్తే మూడు లక్షల పదివేలకి తనే తిరిగి కొంటానన్నాడు, నాకు సాయం చేస్తున్నట్టు ముఖం పెట్టి. కాదంటే ఇంకో కారు తీసుకుని పైన ఎనభై వేలు కట్టమన్నాడు. ఆ రెండోది ఎవరిదని అడిగాను. లెక్చరరుగారిదట.

ఈ వ్యాపారానికి పెట్టుబడి కార్లు కాదండి, మా మొహమాటం. గోదావరి జిల్లాల్లో అది ఏటా మూడు పంటలు పండుతుంది.

మా ఊరి వకీలుగారు ఆ మొహమాటానికి చట్టంలో ఏం పేరుందో చెప్పారు: అంగీకారం. 1930 నాటి సరుకుల అమ్మకం చట్టంలో 42వ సెక్షను ప్రకారం, తీసుకున్న సరుకు వద్దని చెప్పకుండా తగినంత కాలం దగ్గర పెట్టుకుంటే ఒప్పుకున్నట్టే లెక్క. అంటే ఆయన టీ ఇచ్చిన ప్రతిసారీ, నేను తాగిన ప్రతిసారీ, మీరు కొంచెం కొంచెంగా నావాళ్ళైపోతున్నారన్నమాట. ఇంకోవైపు 2019 వినియోగదారుల చట్టం, లోపమున్న సరుకుని బిల్లులో రాసిన గడువులోగా, గడువు రాయకపోతే 30 రోజుల్లోగా, వెనక్కి తీసుకుని డబ్బివ్వననడం అనుచిత వ్యాపారమే అంటోంది. బిల్లు ఇవ్వకపోవడం కూడా అందులోకే వస్తుంది. మాకు బిల్లివ్వలేదు. ఒక డెలివరీ కాయితం, పేరు మార్పిడి కోసం అమ్మినవాళ్ళ సంతకాలున్న ఖాళీ 29, 30 ఫారాలు ఇచ్చారు, అంతే. గట్టిగా అడిగితే "నేను మధ్యవర్తినండి, అమ్మింది ఓనరు" అంటాడు. మరి 2023 ఏప్రిల్ నుంచి పాత బండ్ల డీలర్లు ఆర్టీయే అనుమతి తీసుకోవాలనీ, బండి తమ చేతికి రాగానే ఫారం 29సీలో తెలియజేయాలనీ, అక్కణ్ణుంచి అమ్మేదాకా బండికి వాళ్ళే యజమానితో సమానమనీ రూల్ వచ్చింది కదా అంటే, "అవన్నీ హైదరాబాదులో అండి" అన్నాడు. హైదరాబాదు ఇప్పుడు మన రాష్ట్రం కూడా కాదు.

కాబట్టి నిర్ణయమైపోయింది, మీకే ముందు చెప్తున్నాను. స్పీడ్ పోస్టులో నోటీసు వెళ్ళింది: బెల్టు ఫొటోలు, సర్వీసు రికార్డు కాపీ, మెకానిక్ రాసిచ్చిన కాయితం, వద్దు అన్న మాట, పూర్తి డబ్బు అన్న మాట. వాట్సాప్‌లో కూడా పెట్టాను, నీలం టిక్కులు పడ్డాయి, జవాబు లేదు, మొదటిసారి 'ఆయ్' లేదు. రాకపోతే జిల్లా వినియోగదారుల కమిషన్‌కే. మేముంటున్న జిల్లాలోనే వేసుకోవచ్చు, అయిదు లక్షల లోపు దానికి ఫీజు కూడా లేదు. వినియోగదారుల హెల్ప్‌లైను 1915కి ఇప్పటికే ఫోన్ చేసి ఫిర్యాదు రాయించాను.

ఇంకో మంచి సంగతి. అదే సరుకుల అమ్మకం చట్టంలో 43వ సెక్షను ప్రకారం వద్దన్న సరుకుని కొన్నవాళ్ళు మోసుకెళ్ళి అప్పజెప్పక్కర్లేదు, వద్దని తెలియజేస్తే చాలట. అందుకని మిమ్మల్ని రేవు దాటించి, వంతెనలెక్కించి తీసుకెళ్ళే పని నాకు లేదు. ఆయనే లారీ తెచ్చుకోవాలి. అందాకా మీరు కదలరు, మేము ఎక్కం, పెళ్ళికెళ్ళాలంటే ఆటో ఉంది.

ఇట్లు,
ఇంకా ఆర్‌సీలో పేరెక్కని మీ యజమాని

తా.క.: పాటల పెట్టె నేను వేయించింది, విప్పుకున్నాను. కొత్త బ్యాటరీ కూడా నాదే, రసీదు ఉంది, అది డబ్బుల లెక్కలో కలిపాను. స్టెప్నీ గుంటలో మట్టిని మాత్రం అమ్మని కూడా తుడవనివ్వలేదు. కమిషన్ వాళ్ళు అడిగితే చూపించాలి.