హోటల్ గది లాకర్ గారికి

అయ్యా,

బెజవాడలో పెళ్లికొచ్చి దిగిన హోటల్లో, అలమరా అడుగున, మడిచిన దుప్పటి పక్కన తమరి దర్శనమైంది. అమ్మ కాసులపేరు తమ కడుపులో పెట్టాం. వడ్డాణం పెట్టె మాత్రం పట్టలేదు. ల్యాప్‌టాప్ కొలతకు పుట్టినవారు, మా పెళ్లిళ్ల సంగతి తమకేం తెలుసు!

వెళ్లేటప్పుడు నగలు మర్చిపోకుండా ఉండాలంటే ఒక బూటు కూడా లోపల పెట్టాలని నాన్నకెవరో చెప్పారు. ఎడమకాలి బూటు పెట్టి, ఎవరూ కనిపెట్టలేని నంబరు నొక్కారు. తెల్లవారుజామున ముహూర్తం వేళకి ఆయనే కనిపెట్టలేకపోయారు. పాత స్కూటర్ నంబరు, పెళ్లిరోజు, తమ్ముడి పుట్టినరోజు (నాది ఆఖరున, గమనించాను) అన్నీ అయ్యాయి. తమరు కీచుమని అరిచి, ఎర్రలైటు చూపించి అలిగారు.

రిసెప్షన్ కుర్రాడు ఆవులిస్తూ వచ్చి ఏవో అంకెలు నొక్కాడు. పది సెకన్లలో తెరుచుకున్నారు! అందరం చప్పట్లు కొట్టాం, అమ్మ తప్ప.

"ఏం బాబూ, ఈ నంబరు అన్ని గదులకీ ఒకటేనా?"

కుర్రాడు నవ్వేసి వెళ్లిపోయాడు. అమ్మకు టెన్షన్ మొదలైంది.

తర్వాత తమరి జాతకం విచారించాను. మనం ఏ నంబరు పెట్టినా తెరిచేసే మాస్టర్ కోడ్ అని ఒకటుంటుందట. ఫ్యాక్టరీలో పెట్టిన ఆరు సున్నాలను మార్చకుండా వదిలేసేవాళ్లూ ఉన్నారట. బ్యాటరీ అయిపోతే తెరవడానికి కొన్నింటికి పేరు పలక వెనకే తాళం కన్నం ఉంటుందట. బోల్టులు బిగించకపోతే ఇవేవీ అక్కర్లేదు, తమరినే సంచిలో వేసుకుపోవచ్చు.

పైగా గోడ మీద బోర్డు: 'విలువైన వస్తువులకు యాజమాన్యం బాధ్యత వహించదు'. 1998లో ఢిల్లీలో ఒక హోటల్ వాళ్ల చేతికి తాళమిచ్చిన మారుతి జెన్ కారు పోతే, 'ఓనర్స్ రిస్క్' అని చీటీలో రాసినంత మాత్రాన తప్పించుకోలేరని సుప్రీంకోర్టు 2019లో చెప్పింది. కానీ అక్కడ తాళం మనిషి చేతికిచ్చారు, చీటీ పుచ్చుకున్నారు. తమరు రసీదిస్తారా?

అందుకే అమ్మ వడ్డాణం తీసుకెళ్లి రిసెప్షన్‌లో అప్పగించి రసీదు అడిగింది. 'పసుపు రంగు నగ ఒకటి' అని రాసిచ్చారు. 'బంగారం' అని, పక్కన బరువు కూడా రాయించేదాకా కౌంటర్ వదల్లేదు. కాసులపేరు మెడలోనే ఉంచుకుని, పైన పమిట కప్పుకుని పడుకుంది.

ప్రస్తుతం తమలో ఉన్నవి సగం తిన్న జంతికల పొట్లం, నాన్న ఎడమ బూటు. అవును, మళ్లీ పెట్టారు. ఈసారి నంబరు చీటీ మీద రాసుకున్నారు.

చీటీ ఆ బూటులో ఉంది.

ఇట్లు,
మూడో అంతస్తు, మూల గది