"12 నెలల ఎంఓటీ ఉంది" అనగానే డబ్బులు పంపకండి

యూకేలో మనవాళ్ల వాట్సాప్ గ్రూపుల్లో సెకండ్ హ్యాండ్ కారు పోస్టు పడిందంటే అందులో "12 నెలల ఎంఓటీ ఉంది" అనే మాట ఉండి తీరుతుంది. (ఎంఓటీ అంటే కారు రోడ్డెక్కడానికి తగినట్టుందా అని అక్కడ ఏటా చేసే తప్పనిసరి టెస్ట్.) ఆ మాట వినగానే చాలామందికి సగం టెన్షన్ తీరిపోతుంది. వేర్‌హౌస్‌లో నైట్ షిఫ్ట్, బస్సులుండవు, చేతిలో ఉన్నది 1500, 2000 పౌండ్లు. ఆ డబ్బుకి దొరికేది పదీ పన్నెండేళ్ల బండే. అంత పాత బండి విషయంలో ఎంఓటీ పాస్ అయిందంటే దానర్థం ఒక్కటే: టెస్ట్ చేసిన రోజున ఆ కారు రోడ్డెక్కడానికి కావలసిన కనీస ప్రమాణాల్ని అందుకుంది. మర్నాటి సంగతి కూడా ఆ సర్టిఫికెట్ చెప్పదు.

చెప్పేది ఆ కారు పాత ఎంఓటీ టెస్టుల రికార్డు. ప్రభుత్వ సైట్ గవ్ డాట్ యూకేలో నంబర్ ప్లేటు మీదున్న నంబరు కొడితే చాలు, అమ్మేవాణ్ని అడగక్కర్లేదు, పైసా కట్టక్కర్లేదు. గ్రేట్ బ్రిటన్‌లో కారుకి మూడేళ్లు నిండాక ఏటా ఈ టెస్ట్ చేయించాలి కాబట్టి, పన్నెండేళ్ల కారంటే దాదాపు పది టెస్టుల చరిత్ర ఉంటుంది. ఏ తేదీన చేశారు, అప్పటికి ఎన్ని మైళ్లు తిరిగింది, పాసా ఫెయిలా, టెస్టర్ ఏం లోపాలు రాశాడు, అన్నీ అక్కడే కనిపిస్తాయి.

మనకి ఇది చదివే అలవాటు లేకపోవడానికి కారణం ఉంది. మన దగ్గర సొంత కారుకి రిజిస్ట్రేషన్ 15 ఏళ్లు, అది అయిపోయి రెన్యువల్‌కి వెళ్లేదాకా ఫిట్‌నెస్ పరీక్ష అనేదే ఉండదు. అందుకే హైదరాబాద్‌లోనైనా విజయవాడలోనైనా ఆర్‌సీ, ఇన్సూరెన్స్, చలాన్లు చూసుకుని, తెలిసిన మెకానిక్‌ని వెంటబెట్టుకెళ్తాం. ఏ ఏడాది ఎన్ని కిలోమీటర్లు తిరిగిందో కొనేవాడికి చూపించే ఏర్పాటు లేదు. (పొల్యూషన్ సర్టిఫికెట్‌కి ఎలాగూ వెళ్తున్నాం కదా, అక్కడే మీటర్ రీడింగ్ ఫొటో తీసి అందరికీ కనిపించేలా ఆన్‌లైన్లో పెడితే మీటర్లు వెనక్కి తిప్పేవాళ్ల ఆట చాలావరకు కట్టయిపోతుంది. ప్రభుత్వం తలుచుకుంటే అయ్యే పనే ఇది.)

సరే, రికార్డు ఎలా చదవాలో చూద్దాం. 2011 మోడల్ చిన్న పెట్రోల్ కారు ఒకటి అమ్మకానికి వచ్చిందనుకోండి. 2018లో పాస్, కానీ నియర్‌సైడ్ (ఫుట్‌పాత్ వైపు, ఎడమ) ముందు టైరు లోపలి అంచు అరిగిందని అడ్వైజరీ, అంటే ఫెయిల్ చేసేంత కాదు గానీ కనిపెట్టుకుని ఉండమనే హెచ్చరిక. 2019లో పాస్, మళ్లీ అదే టైరు లోపలి అంచు, దాంతో పాటు అదే వైపు సస్పెన్షన్ ఆర్మ్ బుష్ (చక్రాన్ని పట్టి ఉంచే కడ్డీ కీలులోని రబ్బరు ముక్క) అరిగిందని ఇంకో అడ్వైజరీ. 2021లో పాస్, వెనక బ్రేక్ పైపుకి తుప్పు పట్టిందని రాశారు. 2022లో పాస్, ఒక్క అడ్వైజరీ కూడా లేదు. 2023లో అదే బ్రేక్ పైపు తుప్పు మీద ఫెయిల్, రెండు రోజులకి పాస్. ఆ తర్వాతి టెస్టులు శుభ్రంగా పాస్.

అమ్మేవాడు చూపించేది ఆ చివరి పాస్. నేనైతే మొదట నియర్‌సైడ్ దగ్గర ఆగుతాను.  అదే మూల, ఏడాది తర్వాత కూడా టైరు లోపలి అంచే అరుగుతోందంటే అది టైరు తప్పు కాకపోవచ్చు. వీల్ అలైన్‌మెంట్ పోయి ఉండాలి, లేదా ఆ బుష్ ఎప్పట్నుంచో వదులై ఉండాలి. గుంతలోనో ఫుట్‌పాత్ అంచుకో చక్రం గట్టిగా తగిలిందేమో కూడా చూడాలి. కొత్త టైరు వేస్తే టెస్ట్ పాస్ అవుతుంది, అరిగే కారణం అలాగే ఉండిపోతుంది. అమ్మేవాణ్ని సూటిగా అడగండి, బుష్ మార్చారా, మారిస్తే బిల్లు ఉందా అని.

నన్ను ఇంకా ఎక్కువ కలవరపెట్టేది 2022 నాటి ఖాళీ. టైరు అడ్వైజరీ మరుసటి ఏడాది కనిపించకపోతే టైరు మార్చారని అనుకోవచ్చు. తుప్పు అలా కాదు, దానంతట అది తగ్గదు. శీతాకాలంలో రోడ్ల మీద ఉప్పు చల్లే దేశంలో అది పెరగడమే ఉంటుంది. 2021లో రాసిన తుప్పు 2022లో మాయమై 2023లో ఫెయిల్ చేసేంత ముదిరి బయటపడిందంటే, మధ్యలో ఆ టెస్టర్ సరిగ్గా చూడలేదనో, చూసీ రాయలేదనో, పైన ఏదైనా పూసి ఉంటే కనబడలేదనో అనుమానించాల్సిందే. అందుకే అడ్వైజరీల్లేని పాస్‌ని చూసి నేను సంతోషపడను, దానికి ముందూ వెనకా ఏం రాశారో చూస్తాను.

ఫెయిల్ అయిందనగానే కారు వదిలేసేవాళ్లున్నారు, అదీ సరికాదు. నంబర్ ప్లేటు బల్బులు ఏవీ వెలగకపోయినా ఫెయిల్ చేస్తారు. 2018 మే 20 నుంచి లోపాల్ని డేంజరస్, మేజర్, మైనర్ అని విడదీసి రాస్తున్నారు, మొదటి రెండింటిలో ఏదొచ్చినా ఫెయిలే. ఏడాదికోసారి చిన్న లోపంతో ఫెయిలై, బాగు చేయించుకుని పాసైన కారు పర్వాలేదు. ఏటా టైర్లు డేంజరస్ అని వస్తుంటే మాత్రం ఆ ఓనరు టెస్ట్ చేసేవాడు చెప్పేదాకా బానెట్ కూడా ఎత్తలేదని అర్థం, ఇంజిన్ ఆయిల్ ఏ గతిలో ఉందో ఊహించుకోవచ్చు.

మైళ్ల వరసని కాగితం మీద రాసుకోండి. ఏటా 9 వేలు తిరిగిన కారు ఉన్నట్టుండి రెండేళ్ల పాటు 1200 చొప్పునే తిరిగిందంటే మీటర్ తిప్పి ఉండవచ్చు, లేదా నిజంగానే ఇంటి ముందు పడి ఉండవచ్చు. పడి ఉన్న కారుకి బ్రేకులు పట్టేయడం, టైర్లు పగుళ్లివ్వడం లాంటి ఇబ్బందులు వేరే ఉంటాయి. ఒక ఏడాది రీడింగ్ మాత్రమే తేడాగా ఉంటే టెస్టర్ అంకె తప్పు కొట్టి ఉండవచ్చు. 2020లో టెస్ట్ ఆలస్యమైందని కంగారు పడొద్దు, ఆ ఏడాది మార్చి 30 నుంచి జులై 31 మధ్య గడువు తీరాల్సిన కార్లకి కరోనా వల్ల ఆరు నెలలు పొడిగించారు.

ఇంత చదివినా తెలియనివి ఉంటాయి. ఇంజిన్, క్లచ్, గేర్‌బాక్స్ ఎలా ఉన్నాయన్నది ఎంఓటీలో చూడరు. టైమింగ్ బెల్ట్ మార్చారా లేదా అన్నది సర్వీస్ బుక్కులోనో బిల్లుల్లోనో వెతుక్కోవాలి. కారు మీద ఫైనాన్స్ బాకీ ఉందా, యాక్సిడెంట్లో ఇన్సూరెన్స్ కంపెనీ రైటాఫ్ చేసిందా (బాగు చేయించడం దండగని తేల్చేసిందా) అన్నవి కూడా ఇందులో కనిపించవు, వాటికి విడిగా డబ్బు కట్టి చెక్ చేయించుకోవాలి. డీలర్ దగ్గర కొంటే 2015 నాటి వినియోగదారుల హక్కుల చట్టం ప్రకారం లోపం ఉన్న కారుని 30 రోజుల్లోపు వెనక్కివ్వొచ్చు, గ్రూపులో పరిచయమైన తమ్ముడి దగ్గర కొంటే ఆ హక్కు ఉండదు. మన ఊరివాడే కదా అని ఈ చెక్ మానేయొద్దు, పాపం ఆ అబ్బాయికి కూడా తెలియకపోవచ్చు, అతనూ అలా వేరేవాళ్ల దగ్గర కొన్నవాడే అయ్యుంటాడు.

కారు నచ్చింది, రికార్డు మీద ఒకటి రెండు సందేహాలు మిగిలాయి అనుకుంటే, గడువు ఇంకా ఉన్నా సరే మళ్లీ ఎంఓటీ చేయిద్దామని అడగండి. కారుకి గరిష్ఠ ఫీజు 54.85 పౌండ్లు, మీరే కడతానని చెప్పండి. వీలైతే స్థానిక కౌన్సిల్ నడిపే టెస్ట్ సెంటర్‌కి తీసుకెళ్లండి. వాటిలో చాలావరకు రిపేర్లు చేయవు కాబట్టి లేని లోపం రాయడం వల్ల వాళ్లకి వచ్చేదేమీ ఉండదు. అమ్మేవాడు ఒప్పుకుంటే ఆ కొత్త రిపోర్టు పట్టుకుని బేరమాడండి, ఒప్పుకోకపోతే ఇంకో కారు చూసుకోండి.