నేనింకా కొనని కొత్త పికప్ ట్రక్కు గారికి

మహారాజశ్రీ కొత్త పికప్ ట్రక్కు గారి సముఖానికి,

ఉభయకుశలోపరి. ఇక్కడ నేను, నా పాత ట్రక్కు క్షేమం. అక్కడ మీ బేరింగులు, మీ లిఫ్టర్లు, మీ టర్బోలు రెండూ క్షేమమని తలుస్తాను. ఈ మాట అందరూ మర్యాద కోసం రాస్తారు. నేను నిజంగానే అడుగుతున్నాను.

మిమ్మల్ని డీలరు ఆవరణలో చూశాను. మీ గ్రిల్ నా ఛాతీ దాకా వచ్చింది. తలుపు తీస్తే మెట్టు దానంతటదే కిందికి దిగింది. సీటు చల్లగాలి విసిరి, ఆపైన వీపు కూడా నొక్కింది. ఇంత సేవ చేయించుకున్నాక మొహమాటపడుతూనే సేల్స్ కుర్రాడిని అడిగాను, "బోనెట్ కింద ఏ ఇంజను ఉంది బాబూ?" అని. "చాలా బాగుంటుందండీ" అన్నాడు. ఎన్ని సిలిండర్లు అన్నాను. ఫోను తీసి వెతికి చెప్పాడు. తెర ఎన్ని అంగుళాలో మాత్రం వెతక్కుండానే చెప్పాడు.

నా అవసరం చిన్నదే. ట్రెయిలరు లాగాలి. వెనక కలప, ఇసుక, సిమెంటు బస్తాలు మోయాలి. ఎత్తు ఎక్కేటప్పుడు నడిరోడ్డు మీద ఆగిపోకూడదు. అరవై డెబ్బై వేల డాలర్లు పోసే మనిషి అడగదగ్గ కోరికలే ఇవి. కానీ ఈ మూడో కోరిక చెప్పగానే మీ తరఫువాళ్ళంతా వారంటీ గురించి మాట్లాడటం మొదలుపెడతారు. ఆగిపోకూడదు అంటే, ఆగిపోతే ఏం చేస్తామో చెబుతారు.

తప్పంతా మీదేనని నేననను. 1973 చమురు సంక్షోభం చూసి బెదిరిన అమెరికా కాంగ్రెస్, 1975లో చట్టం చేసి కంపెనీల సగటు మైలేజీకి ఒక గీత గీసింది. తర్వాత్తర్వాత ఆ గీతను బండి చక్రాల మధ్య విస్తీర్ణానికి ముడిపెట్టారు. బండి పెద్దదైతే లక్ష్యం కాస్త సడలుతుంది. లావెక్కినవాడికి పథ్యంలో రాయితీ ఇచ్చే వైద్యుడు దొరికితే ఎవరు మాత్రం సన్నబడతారు? మీరు ఒళ్ళు పెంచారు, ఇంజను తగ్గించారు. పోనీ చిన్న ట్రక్కు బయటి నుంచి తెప్పించుకుందామంటే దానికీ ఒక కథ ఉంది. అమెరికా కోళ్ళ మీద ఐరోపా సుంకం వేసిందని అలిగి, 1964 నుంచి దిగుమతి ట్రక్కుల మీద ఇక్కడ 25 శాతం సుంకం పెట్టారు. ఆ కోళ్ళు ఎవరి పళ్ళేల్లోకి వెళ్ళాయో ఎవరికీ గుర్తులేదు. సుంకం మాత్రం ఇంకా ఉంది.

ఇంతలో 2025లో ఆ మైలేజీ గీతను అందుకోనందుకు పడే జరిమానాను సున్నా చేశారు. మిమ్మల్ని మార్చిన బెత్తం విరిగిపోయింది. మీరు మాత్రం మారిపోయి ఉన్నారు.

సరే, ఇప్పుడు మీ కుటుంబాల విచారణకు వస్తాను. "కళ్ళు మూసుకుని టయోటా తీసుకో" అని తెలిసినవాళ్ళంతా ఒకే మాట. వాళ్ళ టండ్రా ట్రక్కులో 5.7 లీటర్ల వీ8, అంటే ఎనిమిది సిలిండర్ల ఇంజను, ఉండేది, 2007 నుంచి 2021 దాకా. పెట్రోలు తాగడంలో దానికి సిగ్గూ శరమూ ఉండేవి కావు. కానీ పొద్దున తాళం తిప్పితే కదిలేది. 2022లో దాన్ని తీసేసి ట్విన్ టర్బో వీ6, అంటే రెండు టర్బోలున్న ఆరు సిలిండర్ల ఇంజను, పెట్టారు. బలం తగ్గలేదు, నిజం చెప్పాలంటే పెరిగింది. 2024 మే నెలలో లక్షకు పైగా బండ్లను మరమ్మతుకు వెనక్కి పిలిచారు, రీకాల్ అంటారు దాన్ని. కారణం ఏమిటంటే, తయారీలో లోహాన్ని చెక్కినప్పుడు వచ్చిన రజను కొన్ని ఇంజన్ల లోపలే ఉండిపోయింది. అది ఇంజను ప్రధాన ఇరుసును మోసే మెయిన్ బేరింగుల్ని తినేస్తోంది. శుభ్రతకు ప్రపంచానికి పాఠాలు చెప్పిన ఫ్యాక్టరీ వాళ్ళ ఇంజనులో చెత్త!

ఇందులో నన్ను ముగ్ధుణ్ణి చేసిన సంగతి వేరే ఉంది. హైబ్రిడ్ టండ్రాలోనూ ఉన్నది ఆ వీ6 ఇంజనే. దాన్ని మాత్రం ఆ రీకాల్‌లో చేర్చలేదు. ఇంజను ఆగిపోయినా ఎలక్ట్రిక్ మోటారు కాస్త దూరం నెట్టుకొస్తుంది కాబట్టి అది భద్రత సమస్య కాదట. అంటే ఇంజను పోవడం సమస్య కాదు, పోయినప్పుడు బండి రోడ్డు మధ్యలో ఉండటమే సమస్య. పక్కకు జరిగి పోతే అది యజమాని వ్యక్తిగత విషయం.

టర్బో అంటే నాకు భయమే గానీ ద్వేషం లేదు. పొగగొట్టం నుంచి వృథాగా పోయే వేడి గాలితో చిన్న చక్రం తిప్పి, ఆ తిప్పుడుతో ఇంజనులోకి ఎక్కువ గాలి కూరడం తెలివైన పనే. కొండల మీద గాలి పలచబడినా బలం పెద్దగా తగ్గదు. తక్కువ వేగంలోనే లాగుడు అందుతుంది కాబట్టి ట్రెయిలరు ఉన్నవాడికి హాయి. అయితే ఆ చక్రం నిమిషానికి లక్షకు పైగా తిరుగుతుంది. ఎర్రగా కాలుతున్న ఆ చక్రం ఇరుసును నిలబెట్టేది పలచటి ఆయిలు పొర ఒక్కటే. ఆ ఆయిలు పదివేల మైళ్ళకోసారి మారిస్తే చాలని కొన్ని పుస్తకాల్లో ముద్రించారు. పుస్తకం రాసినవాడు ఆ ట్రక్కు మొదటి యజమాని గురించి ఆలోచించాడు. రెండో యజమాని తన గురించి తానే ఆలోచించుకోవాలి. మైలేజీ సంగతంటారా, ఖాళీగా వెళ్ళినప్పుడు చిన్న ఇంజను, బరువు లాగినప్పుడు పెద్ద ఇంజను. తాగుడు కూడా ఆ లెక్కనే.

"ఈ టర్బోల గోల నాకెందుకు, పాతకాలపు వీ8 తీసుకుంటాను" అని జనరల్ మోటార్స్ వైపు తిరిగాను. 6.2 లీటర్లు, ఎనిమిది సిలిండర్లు, టర్బో లేదు. ఇంతకంటే సంప్రదాయం ఏముంటుంది? 2025 ఏప్రిల్‌లో ఆ ఇంజను ఉన్న బండ్లను అమెరికాలోనే దాదాపు ఆరు లక్షలు వెనక్కి పిలిచారు. 2021 నుంచి 2024 దాకా వచ్చిన మోడళ్ళవి. పిస్టన్ల ఊపును తిప్పుడుగా మార్చే కనెక్టింగ్ రాడ్లు, క్రాంక్ షాఫ్ట్‌ల తయారీలో లోపం. ఇంజను నడుస్తూ నడుస్తూ పట్టేయొచ్చు.

ఇక్కడ మీరు కాస్త స్థిమితంగా కూర్చుని వినాలి, ఎందుకంటే వైద్యం ఏమిటో చెబుతాను. బండి తీసుకెళ్తే పరీక్ష చేస్తారు. లోపం కనబడితే ఇంజను బాగుచేస్తారు లేదా మారుస్తారు. అది న్యాయమే. కనబడకపోతే 0డబ్ల్యూ-20 ఆయిలు తీసేసి, దానికంటే చిక్కటి 0డబ్ల్యూ-40 పోస్తారు. కొత్త ఫిల్టరు పెడతారు. ఆయిలు పోసేచోట కొత్త మూత బిగిస్తారు. యజమాని పుస్తకంలో పెట్టుకోవడానికి ఒక కాగితం ఇస్తారు. గోడ బీట వారిందని మొత్తుకుంటే వచ్చి సున్నం కాస్త చిక్కగా కలిపి కొట్టి వెళ్ళినట్టు. మూత మార్చడం ఎందుకంటే, పాత మూత మీద పాత ఆయిలు పేరు ఉంటుంది కదా!

నాకు మరో సందేహం కూడా వచ్చింది. చిక్కటి ఆయిలు బేరింగులకు మంచిదైతే, మొదట్లోనే అది ఎందుకు పోయలేదు? పలచటి ఆయిలు వల్ల రాపిడి తగ్గుతుంది, మైలేజీ లెక్కల్లో ఒక పిసరు కలిసొస్తుంది. ఒక్కో బండికి పిసరే గానీ, లక్షల బండ్ల సగటు తీసే కంపెనీకి అది కొండంత. ఆ కొండ నా క్రాంక్ షాఫ్ట్ మీద పెట్టారు.

అదే కంపెనీ వీ8లలో అవసరం లేనప్పుడు కొన్ని సిలిండర్లకు సెలవు ఇచ్చే ఏర్పాటు ఉంది. కొత్త పద్ధతిలో పదిహేడు రకాల సెలవులు. సెలవుకు వెళ్ళిన సిలిండరులో కవాటాన్ని ఎత్తే లిఫ్టరు ఒక్కోసారి తిరిగి పనిలోకి రాదు. ఈ సెలవులు రద్దు చేయడానికి బండిలో గుచ్చే చిన్న పరికరం బయట విడిగా అమ్ముతున్నారు. ఎనిమిది సిలిండర్లకు డబ్బు కట్టి, ఆ ఎనిమిదీ పనిచేయడానికి మళ్ళీ డబ్బు కట్టాలి.

రామ్ అనే ట్రక్కు కంపెనీ వారి నాటకం మీకు తెలియనిది కాదు. 2025 మోడల్ 1500 ట్రక్కులో 5.7 లీటర్ల హెమీ వీ8ను తీసేసి, మూడు లీటర్ల ట్విన్ టర్బో ఆరు సిలిండర్ల ఇంజను పెట్టారు. మామూలు రకం కూడా హెమీ కంటే ఎక్కువ హార్స్‌పవర్ ఇస్తుంది. కాగితం మీద ఎవరికీ ఏ నష్టమూ లేదు. కొనేవాళ్ళు అలిగారు. ఏడాది తిరిగేసరికి, పొరపాటు చేశామని కంపెనీయే చెప్పి 2026 మోడల్‌కి హెమీని వెనక్కి తెచ్చింది. ఆ బండి పక్క రేకు మీద ఒక ముద్ర కూడా వేశారు, దాని పేరు "నిరసన చిహ్నం". ఎవరి మీద నిరసన? తీసింది వాళ్ళు, తెచ్చింది వాళ్ళు. ఇంటాయన మీద ఇంటాయనే ధర్నా చేయడం మొదటిసారి చూశాను. పైగా తిరిగొచ్చిన ఆ వీరుడేమీ నిష్కళంకుడు కాదు. వాడి టిక్కు టిక్కు చప్పుడు మెకానిక్కులందరికీ చిరపరిచితం. జనం అడిగింది ఆరోగ్యం కాదు, అలవాటైన దగ్గు.

విద్యుత్ ట్రక్కుల గురించి ఎక్కువ రాయను. ఫోర్డ్ ఎఫ్-150 లైట్నింగ్‌ను 2021లో 40 వేల డాలర్లకు కాస్త తక్కువ ధర చెప్పి చూపించారు, 2025 డిసెంబరులో ఇక చేయబోమన్నారు. టెస్లా సైబర్‌ట్రక్‌కు 2019లో చెప్పిన ధర 39,900 డాలర్లు. చేతికందే నాటికి అది అరవై వేలు దాటింది. 2025 మార్చిలో అంచు రేకులు ఊడి పడుతున్నాయని 46 వేలకు పైగా బండ్లను పిలిచారు. బరువు లాగితే ఒక్క ఛార్జికి ఇవి వెళ్ళే దూరం సగానికి పడిపోతుందన్నది వేరే బాధ. ట్రెయిలరు లాగే నాకు అదొక్కటే చాలు.

డీజిల్ వైపు మాత్రం మనసు లాగింది. షెవ్రొలే వారి మూడు లీటర్ల డీజిల్ మెత్తగా నడుస్తుంది, బాగా లాగుతుంది, తక్కువ తాగుతుంది. మొదటి రకంలో ఆయిలు పంపును తిప్పే బెల్టును ఇంజను వెనక పెట్టారు. లక్షా యాభై వేల మైళ్ళకు మార్చాలి. మార్చాలంటే గేర్‌బాక్సు కిందికి దించాలి. ఆ డిజైను గీసిన ఇంజనీరు చేతులకు ఎప్పుడూ గ్రీజు అంటలేదని నా గట్టి నమ్మకం.

ఇదంతా విని మీకు నేను పాతను పొగిడేవాడిలా కనిపిస్తే పొరపాటు. వీ8 మంచిది, వీ6 చెడ్డది అనే తగువులో నేను లేను. టర్బో ఉన్న ఇంజనూ పోయింది, లేని ఇంజనూ పోయింది. ఒకదాంట్లో రజను మిగిల్చారు, ఇంకోదాంట్లో రాడ్లు సరిగ్గా చెక్కలేదు. సిలిండర్లు లెక్కపెట్టి కొనే రోజులు పోయాయి. నాకు కావలసింది పేరు తెలిసిన రోగం ఉన్న ఇంజను. ఫోర్డ్ ట్రక్కుల్లో 3.5 లీటర్ల టర్బో 2011 నుంచి ఉంది. కవాటాలు తెరుచుకునే వేళను సర్దే దాని క్యామ్ ఫేజర్లు గలగలలాడతాయని, ఏ ఏడాది బండ్లలో ఎక్కువో, ఎంత ఖర్చో ఏ షెడ్డులో అడిగినా చెబుతారు. అదీ నమ్మకం అంటే. నిరుడు పుట్టిన ఇంజనుకు "రెండు లక్షల మైళ్ళు ఢోకా లేదు" అని చెప్పడానికి ఆ రెండు లక్షల మైళ్ళు ఎవరు నడిపారు? నన్ను నడపమంటున్నారు. నెలనెలా వాయిదా కట్టించుకుంటూ మరీ.

కనుక నా షరతులు విన్నవించుకుంటున్నాను. మీ ఇంజను పుట్టి నాలుగేళ్ళయినా కావాలి. అన్నప్రాశన కూడా కాకుండా నా ఇంటికి పంపొద్దు. ఆయిలు ఐదువేల మైళ్ళకే మారుస్తాను, మీ పుస్తకం ఏమన్నా సరే. మెట్టు నేనే ఎక్కగలను. వీపు నొక్కించుకోవడానికి వేరే ఏర్పాట్లున్నాయి. ఆ డబ్బుతో బేరింగులు కడిగి పంపండి. పది గేర్లూ ఉంచుకోండి గానీ, ఏ గేరులో ఉండాలో తేల్చుకోవడానికి నా ట్రెయిలరును పరీక్షాకేంద్రం చేయకండి. సిగ్నలు దగ్గర ఇంజను దానంతటదే ఆగే సదుపాయానికి ఒక శాశ్వతమైన మీట పెట్టండి. ఆగిపోవడం మీకు ఎలాగూ వచ్చు, ప్రత్యేకంగా నేర్పనక్కర్లేదు.

అప్పటిదాకా నా పాత ట్రక్కుకే కొత్త టైర్లు వేయించుకుంటాను. మీ కుర్రాడు వారం వారం ఫోను చేస్తున్నాడు. పండక్కి రాయితీ ఉందంటాడు. ఆయిలు మూత మీద ఏం రాసి ఉందో చూసి చెప్పమన్నాను. ఇంకా చూస్తున్నాడు.

ఇట్లు,
మీ కాబోయే యజమాని,
బహుశా.

తా.క.: జవాబు రాయకపోయినా నిష్ఠూరం లేదు. ఈ దేశంలో రీకాల్ కబురు ఫస్ట్ క్లాస్ తపాలాలో పంపి తీరాలని నిబంధన ఉంది గనక, నేను మిమ్మల్ని కొన్న మర్నాటి నుంచి మన మధ్య ఉత్తరప్రత్యుత్తరాలకు లోటుండదు.