మారిస్తే మొత్తం మార్చు, లేదా మానెయ్

మండపేట దగ్గర మా రైస్ మిల్లు లెక్కలన్నీ ఇప్పటికీ ఫాక్స్‌ప్రో అనే పాత డేటాబేస్ ప్రోగ్రాంలోనే ఉన్నాయి. అందులో రైతులు, కాటా చీటీలు, కొనుగోళ్ళు, చెల్లింపులు అనే నాలుగు టేబుళ్ళు (పట్టికలు) మాత్రం పోస్ట్‌గ్రెస్ అనే ఇంకో డేటాబేస్‌కి మార్చి మిగతావి ఉన్నచోటే ఉంచుదామంటాడు మా తమ్ముడు. పద్దులు చూసే మావయ్య ససేమిరా అంటాడు. మొన్న ఇద్దరూ గంటసేపు వాదించుకున్నారు, నేను మధ్యలో కూర్చుని టీ తాగాను.

తమ్ముడు: విజువల్ ఫాక్స్‌ప్రో చివరి వెర్షన్ వచ్చింది 2004లో మావయ్యా. 2015 జనవరితో సపోర్ట్ కూడా అయిపోయింది. పైగా ఒక్కో టేబుల్ ఫైలు 2 జీబీ దాటకూడదు.

మావయ్య: మన చీటీలు 2 జీబీ అయ్యేసరికి నీ మనవడు ఈ కుర్చీలో ఉంటాడులే. అసలు కారణం చెప్పు.

తమ్ముడు: అసలు కారణం మీకూ తెలుసు. సార్వా ధాన్యం దిగేటప్పుడు కాటా దగ్గరొకరు, ఆఫీసులో ఇద్దరు ఒకే ఫైలు తెరుచుకుని కూర్చుంటారు, సరిగ్గా అప్పుడే కరెంటు పోతుంది, రికార్డులు వెతికిపెట్టే ఇండెక్స్ పాడైపోతుంది, బయట ట్రాక్టర్లు లైను కట్టి ఉంటే మీరు లోపల దాన్ని మళ్ళీ కట్టడానికి రీఇండెక్స్ కొట్టుకుంటూ ఉంటారు. పోస్ట్‌గ్రెస్ ఏ మార్పునైనా ముందు లాగ్‌లో రాసుకుంటుంది. కరెంటు పోయి వచ్చినా ఆ లాగ్ చూసుకుని తనే సర్దుకుంటుంది.

మావయ్య: బాగుంది, అయితే మొత్తం మార్చు. రైతు పేరు ఒక చోట, వాడికిచ్చిన గోనె సంచుల బాకీ ఇంకో చోట అంటే రెండు పడవల మీద కాళ్ళు పెట్టడమే కదరా! సంచుల ఖాతా రైతు కోడు మీదే నడుస్తుంది.

తమ్ముడు: పాత ప్రోగ్రాం ఓడీబీసీ ద్వారా, అంటే ప్రోగ్రాంని వేరే డేటాబేస్‌తో కలిపే వంతెన ద్వారా, కొత్త టేబుల్ చదువుకుంటుంది. పాతది 32 బిట్ ప్రోగ్రాం కాబట్టి దానికి 32 బిట్ డ్రైవర్ వేస్తే చాలు. రైతు వివరాలు రాసేది కొత్తదాన్లోనే, పాతది చూసుకుంటుంది అంతే. రెండు చోట్లా రాయనిచ్చామా, అప్పుడు మునుగుతాం.

(ఇక్కడ నాకు తమ్ముడి మాటే సబబనిపించింది. ఏ టేబుల్ ముందు మార్చాలనేదానికి దాని వయసు కాదు, అందులో ఎవరు రాస్తున్నారన్నది చూడాలి.)

మావయ్య: మొన్న ట్రయల్ వేశావుగా, అందులో ఏమైందో అన్నయ్యకి చెప్పు.

తమ్ముడు: ...తీసేసిన రైతులందరూ మళ్ళీ లేచొచ్చారు.

మావయ్య: వస్తారు మరి! ఫాక్స్‌ప్రోలో డిలీట్ కొడితే తీసేసినట్టు ఒక గుర్తు పెడుతుందంతే, ప్యాక్ కొట్టి నిజంగా తుడిచేదాకా మనిషి అక్కడే ఉంటాడు. ఆ సంగతి నన్నడిగితే ఒక్క నిమిషంలో చెప్పేవాణ్ణి.

తమ్ముడు: ఒప్పుకుంటున్నా. పేర్ల సంగతీ అంతే. మీరు కొట్టించినవన్నీ యూనికోడ్ కాని పాత అను ఫాంటులో ఉన్నాయి, యూనికోడ్‌లోకి మార్చకుండా దింపితే పిచ్చి గీతలే కనిపిస్తాయి. ఖాళీ తేదీలకి కొత్తది ఎర్రర్ ఇచ్చింది, వాటిని నల్, అంటే విలువ లేదని, చేశాను. ఇంకోటి, పాత చీటీ నంబర్లన్నీ ఎక్కించాక తర్వాతి నంబరిచ్చే కౌంటర్‌ని ముందుకి జరపడం మర్చిపోయాను. కొత్త చీటీ కొడితే ఒకటో నంబర్ ఉందిగా అని తిప్పికొట్టింది.

మావయ్య: ట్రయల్ కాబట్టి బతికిపోయాం. సరే, 412 ఎవరి కోడు?

తమ్ముడు: టేబుల్‌లో ఉన్నాయన పేరే కదా.

మావయ్య: కాదు. ఆయన తండ్రిది. పెద్దాయన పోయాక అదే కోడు కొడుక్కిచ్చాం, మళ్ళీ వాళ్ళ చేలు కౌలుకి తీసుకున్నాయనకి మూడేళ్ళు వాడాం. పాత చీటీ చూస్తే ధాన్యం తండ్రిది, పేరు కొడుకుది వస్తుంది. ఇలాంటివి ఒకటా రెండా!

తమ్ముడు కాసేపు ఏం మాట్లాడలేదు. ఫారిన్ కీ (చీటీలోని కోడు రైతుల టేబుల్‌లో ఉందో లేదో చూసే నియమం) పెట్టినా ఈ తప్పు పట్టుకోలేదు, ఎందుకంటే కోడు ఉంది, మనిషే మారాడు.

తమ్ముడు: అయితే ఒక్కో మనిషికీ కొత్త నంబరిచ్చి, పాత కోడుని ఏ తేదీ నుంచి ఏ తేదీ దాకా ఎవరు వాడారో పక్కన రాసుకోవాలి. ఆషాఢంలో చేద్దాం, దాళ్వా లెక్కలు తేలిపోయి ఉంటాయి.

మావయ్య: ఆషాఢంలో కొత్త పని మొదలెడతావా?

తమ్ముడు: అప్పుడైతేనే మిల్లు ఖాళీగా ఉంటుంది మావయ్యా. ముహూర్తం కావాలంటే శ్రావణంలో స్విచ్ వెయ్యండి.

మావయ్య: రైతు రైతుకీ పాతదాన్లో బాకీ, కొత్తదాన్లో బాకీ పక్కపక్కన ప్రింటు తియ్యి. పైసా తేడా వచ్చినా నేను సంతకం పెట్టను. మొత్తం టోటల్ కలిసింది అనకు, ఒకడి బాకీ ఇంకొకడి మీదకెళ్ళినా టోటల్ కలుస్తుంది.

అని బీరువా తెరిచి, అంచులు చిరిగిన ఎర్ర అట్ట పుస్తకం తీసి బల్ల మీద పెట్టాడు. ఏ కోడు ఎప్పుడు ఎవరికి మారిందో అంతా అందులో ఉంది, ఆయన చేతిరాతలో.

తమ్ముడు: ఇది ఇన్నాళ్ళూ ఎందుకు చెప్పలేదు?

మావయ్య: నువ్వు టేబుళ్ళు అడిగావు గానీ పుస్తకం అడగలేదుగా.