సవరణ: దోమల క్రీమ్ రాసిన చోటే పని చేస్తుంది

వానలు మొదలయ్యాక పెట్టిన పోస్టులో "సాయంత్రం బీచ్ రోడ్డుకెళ్లేటప్పుడు చేతులకు కాస్త దోమల క్రీమ్ పట్టిస్తే చాలు, ఆ వాసనకే దోమలు దరిదాపులకు రావు" అని రాశాను. అది తప్పు. కీటక శాస్త్రవేత్తల ప్రయోగాలు, ఆరోగ్య సంస్థల సూచనలు చెప్పేది వేరు.

ఊపిరిలోని కార్బన్ డయాక్సైడ్, చెమటలోని లాక్టిక్ ఆమ్లం, ఒంటి వేడి పట్టుకుని ఆడదోమ మన దగ్గరికొస్తుంది. దోమల క్రీముల్లో కలిపే డీట్ లాంటి మందు దాన్ని చంపదు. చర్మం నుంచి లేచే వాసనలను సరిగా పోల్చుకోనివ్వదు. ఒకవేళ వాలినా, కాళ్లకు ఆ పూత తగలగానే కుట్టకుండా లేచిపోతుంది. ఇదంతా పూతకు కొద్ది సెంటీమీటర్ల మేరే. చేతులకు రాసి మడమలు వదిలేస్తే, దోమకు ఆ మడమలు చాలు. పైగా డెంగీ తెచ్చే ఏడిస్ దోమ కుట్టేది పగటిపూట, కాబట్టి సాయంత్రం ఒక్కటే చూసుకుంటే కుదరదు.

క్రీములో డీట్ శాతం ఎక్కువుంటే మందు ఘాటెక్కువని కామెంట్లలో కొందరన్నారు. శాతం పెరిగితే ఎక్కువసేపు నిలుస్తుంది, అంతే; 50 దాటాక ఆ లాభమూ పెద్దగా ఉండదు. మన వైజాగ్ ఉక్కపోతకు పూత చెమటతో కారిపోతుంది గనక, ట్యూబు మీద రాసిన వ్యవధి చూసి మళ్లీ రాసుకోవాల్సిందే. సన్‌స్క్రీన్ వాడేవాళ్లు ముందు అది, దాని మీద ఇది. పిల్లల అరచేతులకు మాత్రం వద్దు, నోట్లో పెట్టుకుంటారు. రెండు నెలలు నిండని పసివాళ్లకైతే అసలు రాయకుండా దోమతెర కట్టండి.

పాత పోస్టులో ఆ వాక్యం మార్చాను.